ఇంటర్‌లాక్‌లో రెండు ఉల్లంఘనలు నమోదయ్యాయి: ఆరు నిమిషాల తరువాత ఊదినది లెక్కలోకి రాదా?

బోథెల్ నివాసి:
అందరికీ నమస్కారం. నేను వాషింగ్టన్ రాష్ట్రంలో బోథెల్‌లో ఉంటాను. నిరుడు మద్యం తాగి కారు నడిపిన కేసులో నేరం ఒప్పుకున్నాను. ఆ విషయంలో నా తరఫున చెప్పుకోవలసింది ఏమీ లేదు కనుక దానిని ఇక్కడితో వదిలేస్తున్నాను. మొదటి నేరం కాబట్టి ఏడాది పాటు కారులో ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ (గొట్టంలోకి ఊదితే, ఊపిరిలో మద్యం హద్దు దాటలేదని తేలాకే ఇంజను స్టార్ట్ కానిచ్చే పరికరం) ఉండాలి. దానిని తీయించుకునే నాటికి వెనకటి 180 రోజులూ వరుసగా ఒక్క ఉల్లంఘన కూడా లేదని పరికరం కంపెనీ లైసెన్సింగ్ శాఖకు ధ్రువీకరించి పంపాలి. పదకొండో నెలలో సర్వీసుకు వెళ్లినప్పుడు నా పేరు మీద రెండు ఉల్లంఘనలు ఉన్నాయని చెప్పారు.

మొదటిది జనవరి 14. ఉదయం 7:12కు ఊదితే 0.051 (ఊపిరిలోని ఆల్కహాల్ కొలత) వచ్చి కారు లాక్ అయింది. 7:18కి మళ్లీ ఊదితే 0.004 వచ్చి స్టార్ట్ అయింది. రెండోది ఫిబ్రవరి 6. పాప బడి ముందు కారు ఆపి ఉండగా పరికరం మధ్యలో మళ్లీ ఊదమని అడిగింది, నేను ఊదలేదు. కంపెనీ లెక్క ప్రకారం 180 రోజులు ఫిబ్రవరి 6 నుంచి మళ్లీ మొదలు. జనవరి 13 రాత్రి గానీ, 14 ఉదయం గానీ నేను మద్యం ముట్టలేదు. బహుశా మౌత్‌వాష్ వల్ల అయి ఉంటుంది. దీనిని సవాలు చేయవచ్చా? చేస్తే ఎవరి దగ్గర చేయాలి?

పదో నంబరు పానా:
ఈ పరికరాలు బిగించే షాపులో నాలుగేళ్లు పని చేశాను. మీ చేతికి ఇచ్చినది ఒక పేజీ సారాంశం అయి ఉంటుంది, దానితో వాదన మొదలుపెట్టకండి. పూర్తి లాగ్ కావాలని రాతపూర్వకంగా అడగండి. అందులో మీరు ఊదిన ప్రతిసారీ తేదీ, సమయం, అంకె, ఇంజను ఆన్ అయిందా ఆఫ్ అయిందా, బ్యాటరీ కరెంటు ఎప్పుడైనా పోయిందా అన్నవన్నీ వరుసగా ఉంటాయి. దానితో పాటు కెమెరా తీసిన ఫోటోలన్నీ అడగండి. మన రాష్ట్రంలో కెమెరా తప్పనిసరి కనుక ఊదిన ప్రతిసారీ ఫోటో ఉండి తీరాలి. సర్వీసులో తెలిసిన గాఢత గల గ్యాస్‌తో పరికరాన్ని సరిచూస్తారు. సరిచేయక ముందు అది ఎంత చూపించిందో ఆ అంకె కూడా అడగండి.

అయితే ఒక మాట. "మిషను తప్పు చూపించింది" అని నా దగ్గరికి వచ్చిన వాళ్లు చాలా మంది ఉన్నారు కానీ, కాలిబ్రేషన్ నిజంగా తప్పిన పరికరాన్ని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. లోపల ఉండేది ప్లాటినం పలకల ఫ్యూయల్ సెల్. ఆల్కహాల్ దాని మీద పడి ఆక్సీకరణం చెందుతుంది, అప్పుడు పుట్టే కరెంటును బట్టి అంకె వస్తుంది. ఆ ఆల్కహాల్ ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చిందా, చిగుళ్ల సందు నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. మీ వాదన ఉంటే ఆ తేడా దగ్గరే ఉండాలి.

వకాల్తా:
నేను ఈ రాష్ట్రంలో డీయూఐ (మద్యం తాగి నడపడం) కేసులు చూసే అటార్నీని. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే, మీ కేసుకు సలహా కాదు. బోథెల్ నివాసి గారూ, ముందు మా చట్టంలోని 46.20.720 సెక్షన్ చదవండి. ఎక్కువ అంకె వచ్చినంత మాత్రాన అది ఉల్లంఘన కాదు. స్టార్ట్ చేయబోయినప్పుడు 0.04 గానీ అంతకు మించి గానీ వచ్చి, ఆ తరువాత పది నిమిషాల లోపు ఊదినప్పుడు 0.04 కంటే తక్కువ వచ్చి, రెండుసార్లూ ఊదినది ఒకే మనిషి అని ఫోటో నిర్ధారిస్తే అది లెక్కలోకి రాదు. బండి నడుస్తుండగా అడిగే పరీక్షకు హద్దు ఇంకా తక్కువ, 0.020. దానికి కూడా ఇదే పది నిమిషాల వెసులుబాటు ఉంది. ఇక అడిగినప్పుడు ఊదకపోవడం ఉల్లంఘనే, కానీ ఆ సమయంలో డ్రైవరు బండిలో లేడని ఫోటో నిర్ధారిస్తే కాదు. సర్వీసుకు పిలిచినప్పుడు వెళ్లకపోవడం నాలుగో రకం.

మీరు చెప్పిన సమయాలు నిజమైతే జనవరి 14 నాటిది అంకెల వరకు ఆరు నిమిషాలలో తేలిపోయింది. అయినా కంపెనీ ఉల్లంఘనగా రాసిందంటే వాళ్ల అభ్యంతరం అంకె మీద కాకుండా ఫోటో మీద ఉండాలి. ఫిబ్రవరి 6 నాటిదానికీ అంతే. మీ రెండు తగాదాలూ ఫోటోల తగాదాలే.

మూడో అంతస్తు:
నా మాట కటువుగా ఉంటే క్షమించండి. తాగి నడిపిన వాడి కారు కింద మా తమ్ముడి కాలు నలిగి ఎనిమిదేళ్లయింది, ఇప్పటికీ మెట్లు ఎక్కలేడు. "మౌత్‌వాష్" అన్న మాట ఆ రోజు కోర్టులో కూడా విన్నాను. మీకు ఇంకో నాలుగు నెలలు ఊదుతూ తిరగడం భారమా?

మందుల చీటీ:
నేను ఫార్మసిస్టును. మూడో అంతస్తు గారి ఆవేదన పక్కన అంకెలు పెట్టడం నాకు ఇబ్బందిగానే ఉన్నా, అంకెలు ఏం చెబుతున్నాయో చెప్పాలి. రక్తంలోని ఆల్కహాల్‌ను శరీరం గంటకు దాదాపు 0.015 చొప్పున తగ్గిస్తుంది. 0.051 నిజంగా రక్తంలోదే అయితే 0.004కు దిగడానికి మూడు గంటలు దాటాలి. ఆరు నిమిషాలలో దిగిందంటే అది నోటిలోది. నోటిలో మిగిలిన ఆల్కహాల్ పదిహేను నిమిషాలలో ఆరిపోతుంది, నీళ్లతో పుక్కిలిస్తే ఇంకా త్వరగా పోతుంది.

కానీ నా అనుమానం వేరే చోట ఉంది. మౌత్‌వాష్ పుక్కిలించి ఉమ్మేస్తాం. రెండోసారి సున్నా రాకుండా 0.004 మిగిలిందంటే, పూర్తిగా ఆరకపోయి ఉండవచ్చు, లేదా కొంచెం లోపలికి వెళ్లి ఉండవచ్చు. దగ్గు మందు గానీ, హోమియోపతి మదర్ టింక్చర్ గానీ ఏమైనా తీసుకున్నారా?

బోథెల్ నివాసి:
మూడో అంతస్తు గారూ, భారం కాదు. మీ తమ్ముడి గురించి చదివాక ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. కానీ తాగని రోజున తాగినట్టు నా పేరు మీద ఉండిపోవడం నాకు సమ్మతం కాదు, అందుకే అడుగుతున్నాను.

మందుల చీటీ గారి ప్రశ్న చదివి రాత్రి అమ్మను అడిగాను. డిసెంబరులో విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఆమె సూట్‌కేసులో చీర మడతల మధ్య ద్రాక్షారిష్టం సీసాలు రెండు తెచ్చింది. నాకు పొడి దగ్గు పట్టుకుంటే రోజూ ఉదయం ఉప్మా తినగానే మూతతో రెండు కొలతలు పోసి, అంతే నీళ్లు కలిపి గ్లాసు చేతికి ఇచ్చేది. జనవరి 14న కూడా అది తాగి, గ్లాసు సింకులో పెట్టి నేరుగా గ్యారేజీలోకి వెళ్లాను. నిన్న సీసా వెలుతురులో పెట్టి చదివితే, సన్నటి అక్షరాలలో స్వయంజనిత ఆల్కహాల్ ఉందని రాసి ఉంది. మౌత్‌వాష్ అన్నది నా ఊహ మాత్రమే. అరిష్టాన్ని మందు అనుకున్నాను తప్ప ఇంకొక రకంగా ఎన్నడూ ఆలోచించలేదు.

వకాల్తా:
బోథెల్ నివాసి గారూ, దయచేసి ఈ విషయంలో ఇకపై ఏమి తాగారో, ఎంత తాగారో ఇక్కడ రాయకండి. ఇది ఎవరైనా చదవగల చోటు. మీ కోర్టు తీర్పు కాగితం తీసి, ప్రొబేషన్ (కోర్టు పర్యవేక్షణలో ఉండే కాలం) షరతులలో "మద్యం అసలు తీసుకోరాదు" అని ఉందో లేదో చూడండి. ఉంటే, మందు రూపంలో అయినా ఆల్కహాల్ తీసుకున్నానని మీరే రాసి ఇచ్చే వివరణ లైసెన్సింగ్ శాఖ దగ్గర పనికి వచ్చి కోర్టు దగ్గర ఎదురు తిరగవచ్చు. అవి రెండు వేరు దారులు. ఇంటర్‌లాక్ కాలం పొడిగించడం, తగ్గించడం శాఖ పని. ప్రొబేషన్ ఉల్లంఘన న్యాయమూర్తి పని. అక్కడ జ్యూరీ ఉండదు, సందేహాతీతంగా రుజువు కావలసిన అవసరమూ లేదు, న్యాయమూర్తికి సహేతుకంగా నమ్మకం కుదిరితే చాలు.

అలాగని మౌత్‌వాష్ అని రాయడం ఇక మీకు కుదరదు. అది నిజం కాదని మీకు తెలిసిపోయింది. అబద్ధపు వివరణ అసలు ఉల్లంఘన కంటే ప్రమాదం. అదృష్టవశాత్తు మీకు కారణం చెప్పవలసిన అవసరమే రాకపోవచ్చు. పది నిమిషాల నిబంధన ఆల్కహాల్ ఎక్కడి నుంచి వచ్చిందని అడగదు. రెండో అంకె, రెండో ఫోటో సరిగా ఉన్నాయా అని మాత్రమే అడుగుతుంది. మీ వాదన అక్కడే ఆపండి.

మందుల చీటీ:
వకాల్తా గారి మాట మన్నించి ఈ కేసు సంగతి వదిలి, అరిష్టాల గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఇది మన ఇళ్లన్నిటిలో ఉన్న విషయం. ఆసవాలు, అరిష్టాలు బయటి నుంచి సారా కలిపి చేసేవి కావు. బెల్లం, ద్రాక్ష, ధాతకీ పువ్వు వేసి పులియబెట్టినప్పుడు ఆల్కహాల్ వాటిలోనే పుడుతుంది. నూటికి ఐదు నుంచి పది పాళ్ల దాకా ఉండడం మామూలే, అంటే బీరుతో సమానం, ఒక్కోసారి ఎక్కువ. ఎనిమిది పాళ్లు ఉన్న అరిష్టం 30 మిల్లీలీటర్లు తాగితే లోపలికి వెళ్లే ఆల్కహాల్ రెండు గ్రాముల లోపు. 75 కిలోల మనిషి రక్తంలో అది 0.004 దగ్గర ఆగిపోతుంది, దానితో ఎవరికీ మత్తు ఎక్కదు. అదే మనిషి గ్లాసు దించిన మూడు నిమిషాలకు ఊదితే నోటిలో మిగిలిన తడికి పరికరం ఎంతైనా చూపించవచ్చు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం, అశోకారిష్టం అన్నీ ఈ కోవలోవే. లేహ్యాలు, చూర్ణాలు ఈ కోవలోకి రావు.

ఇకముందు ఎవరికైనా ఇలా జరిగితే, అదే రోజు ల్యాబుకు వెళ్లి పెత్ అనే రక్తపరీక్ష చేయించుకోండి. రెండు నుంచి నాలుగు వారాల వెనకటి తాగుడును అది పట్టిస్తుంది. మూత్రంలో చూసే ఈటీజీ మూడు రోజుల దాకా పట్టిస్తుంది కానీ, మౌత్‌వాష్ వంటి వాటికి కూడా స్పందించే గుణం దానికి ఉంది. జనవరి నాటి సంగతికి ఇప్పుడు ఏదీ పనికి రాదు.

గుంటూరు కోడలు:
మా వారి కారులో ఈ పరికరం ఏడాదిన్నర ఉంది, కనుక ఫోటోల సంగతి నాకూ కొంత తెలుసు. ఆ కారు నేను నడిపినా నేనూ ఊదవలసిందే. ఒకసారి ఆయన ఊదగా ఎక్కువ వచ్చింది. కంగారులో నేను డ్రైవరు సీటులోకి మారి ఊదాను. సున్నా వచ్చింది, బండి కదిలింది, కానీ రెండు ఫోటోలలో రెండు ముఖాలు. సహాయం చేస్తున్నాననుకున్నాను కానీ, ఆయన కోసం నేను ఊదడం విడిగా ఒక నేరం అవుతుందని ఆ తరువాత తెలిసింది.

ఇంకొకసారి మెకానిక్ బ్యాటరీ తీసి పెడితే, పరికరాన్ని ఎవరో కదిలించినట్టు నమోదైంది. మెకానిక్ రసీదు మీద తేదీ ఉంది గానీ సమయం లేదు. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లి, ఎన్ని గంటలకు తీశాడో ఎన్ని గంటలకు బిగించాడో రాయించుకుని సంతకం పెట్టించుకు వచ్చాక గానీ కంపెనీ ఒప్పుకోలేదు. బండి రిపేరుకు ఇచ్చే ముందే కంపెనీకి ఫోన్ చేసి చెప్పాలని నేను అప్పుడు నేర్చుకున్నాను.

క్వీన్స్ తెలుగు:
న్యూయార్క్‌లో ఇది మరో రకం. 2009లో ఒక తాగిన డ్రైవరు నడిపిన కారులో ఉన్న పదకొండేళ్ల లియాండ్రా రొసాడో చనిపోయాక వచ్చిన చట్టం ప్రకారం, 2010 ఆగస్టు నుంచి డీడబ్ల్యూఐ (తాగి నడపడానికి ఇక్కడి పేరు) శిక్ష పడిన ప్రతివారికీ ఇంటర్‌లాక్ తప్పనిసరి. ఇక్కడ హద్దు 0.025. ఉల్లంఘన వివరాలు కౌంటీ పర్యవేక్షకుడి ద్వారా కోర్టుకు, జిల్లా అటార్నీకి చేరతాయి, కాబట్టి మా వాదన నేరుగా న్యాయమూర్తి ముందే. ఒక రాష్ట్రంలోని స్నేహితుడి అనుభవం విని ఇంకో రాష్ట్రంలో నడుచుకోవద్దని చెప్పడానికే ఇది రాశాను.

భాగ్యనగరి:
హైదరాబాదులో అయితే బేగంపేటలో కౌన్సెలింగుకు ఇంట్లో వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, కోర్టులో జరిమానా కట్టి వస్తే సరిపోయేది. మోటారు వాహనాల చట్టం 185 ప్రకారం మన హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే మీ లెక్కలో 0.03. మీ పరికరం 0.020 దగ్గరే పట్టుకుంటోందన్నమాట.

నిర్వాహకులు:
భాగ్యనగరి గారూ, 2019 సవరణ తరువాత మొదటి తప్పుకే పది వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు కనుక "సరిపోయేది" అన్నది అంత తేలిక మాట కాదు. సభ్యులు అసలు ప్రశ్నకు కట్టుబడి రాయవలసిందిగా మనవి.

బోథెల్ నివాసి:
లాగ్, ఫోటోలు వచ్చాయి. వకాల్తా గారు ఊహించినట్టే జరిగింది. 7:12 ఫోటోలో నా ముఖం స్పష్టంగా ఉంది. లాక్ పడ్డాక గ్యారేజీ తలుపు తీసి కూర్చున్నాను, చలి కొరుకుతోంది, అమ్మ తెచ్చిన మంకీ క్యాప్ తలకు తగిలించుకున్నాను. 7:18 ఫోటోలో కనిపిస్తున్నది ఊదా రంగు ఉన్ని, రెండు కళ్లు, పరికరం గొట్టం. అది నేనేనని నాకు తెలుసు గానీ, ఆ ఫోటో చూసి అది మా నాన్న అన్నా నమ్మవచ్చు.

ఫిబ్రవరి 6 ఫోటోలో సీటు ఖాళీగానే ఉంది, కానీ కిటికీలోంచి ఒక భుజం, ఒక చేయి లోపలికి వచ్చి ఉన్నాయి. పాప మరిచిపోయిన లంచ్ డబ్బా కోసం ఇంజను ఆపకుండా దిగి, బయట నిలబడి వంగి తీస్తున్నాను. పరికరం కూత వినిపించింది, కానీ బండిలో లేనప్పుడు ఊదనక్కర్లేదు అనుకున్నాను.

ఇంకో ప్రశ్న. నేను హెచ్-1బీలో ఉన్నాను, జులైలో ఇండియా వెళ్లాలి. ఈ ఉల్లంఘనలు వీసాకు అడ్డు వస్తాయా?

పదో నంబరు పానా:
7:18 ఒక్కదాని దగ్గరే ఆగకండి. బండి స్టార్ట్ అయ్యాక కొద్ది నిమిషాలకే పరికరం మళ్లీ ఊదమని అడిగి ఉంటుంది. ఆ ఫోటో వెతికి బయటికి తీయండి. బండిలో హీటరు వేడెక్కాక ఎవరూ మంకీ క్యాప్ ఉంచుకోరు. 7:12 ఫోటోలోని చొక్కా కాలరు, జాకెట్ జిప్పు, వెనక సీటు మీది వస్తువులు మూడింటిలోనూ కలుస్తున్నాయేమో చూడండి. 7:12కు, 7:18కి మధ్య ఇంజను ఆన్ కాలేదని లాగ్‌లో ఉంటుంది కదా, అదీ చూపండి.

రెండోదాని గురించి మొహమాటం లేకుండా చెబుతాను. ఇంజను నడుస్తూ ఉండగా బండి దిగకూడదని పరికరం బిగించే రోజున మేం చెప్పే మొదటి మాట అదే. దిగవలసి వస్తే తాళం తిప్పి దిగాలి. కూత వినిపించాక చేతికి అందే దూరంలో నిలబడి ఉండి ఊదకపోవడాన్ని చూసే వాళ్లు ఎలా చదువుతారో ఆలోచించండి.

వకాల్తా:
వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను, దానికి మీ ఇమ్మిగ్రేషన్ అటార్నీని వేరుగా కలవండి. డీయూఐ అరెస్టు కారణంగానే వీసా స్టాంపును ముందుజాగ్రత్తగా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. అలా రద్దయినా ఇక్కడ ఉన్న స్టేటస్ దానంతట అదే పోదు, కానీ దేశం దాటితే కొత్త స్టాంపు కావాలి, దానికి వైద్య పరీక్షకు పంపవచ్చు. మీకు ఆ రద్దు లేఖ వచ్చిందో లేదో పాత ఈమెయిళ్లలో వెతకండి. ఇంటర్‌లాక్ ఉల్లంఘన కొత్త శిక్ష కాదు. కానీ ఆ వైద్యుడికి మద్యం సమస్య ఇంకా ఉందా లేదా అన్నదే ప్రశ్న కనుక, జనవరి 14 నాటి నమోదు తొలగిపోవడం మీకు అక్కడ కూడా అక్కరకు వస్తుంది.

విజ్ఞప్తి ముందు కంపెనీకి రాయండి, ఎందుకంటే ధ్రువీకరణ పంపవలసింది వాళ్లే. తేదీ, సమయం, అంకె, ఫోటో సంఖ్య, నిబంధనలోని వాక్యం, అంతే. రెండు ఘటనలకు రెండు వేరు లేఖలు రాయండి, బలహీనమైనది బలమైనదాన్ని లాగకూడదు. వాళ్లు నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకుని లైసెన్సింగ్ శాఖకు పంపండి. ఈలోగా విసుగెత్తి పరికరం తీయించేయడం, కారు అమ్మేసి కూర్చోవడం చేయకండి. పరికరం లేని రోజులు లెక్కలోకి రావు, గడియారం ఆగిపోతుంది. పరికరం లేని ఇంకో బండి నడిపితే అది 364 రోజుల దాకా జైలు, ఐదు వేల డాలర్ల దాకా జరిమానా ఉన్న వేరే నేరం.

బోథెల్ నివాసి:
మూడు వారాల తరువాత వచ్చి రాస్తున్నాను. 7:26కు పరికరం మళ్లీ అడిగినప్పటి ఫోటోలో మంకీ క్యాప్ మెడ దాకా దిగి ఉంది, ముఖం పూర్తిగా కనిపిస్తోంది. జాకెట్ మీద పాప అంటించిన సీతాకోకచిలుక స్టిక్కరు మూడు ఫోటోలలోనూ ఒకే చోట ఉంది. ఆ మూడింటినీ పక్కపక్కన అచ్చు వేసి పంపాను. జనవరి 14 నమోదును ఉల్లంఘనల జాబితా నుంచి తీసివేసినట్టు నిన్న లేఖ వచ్చింది.

ఫిబ్రవరి 6 దానికి ఒప్పుకోలేదు. "డ్రైవరు వాహనంలో లేడని చిత్రం నిర్ధారించడం లేదు" అని ఒకే వాక్యం రాశారు. శాఖకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, ఆ భుజం ఫోటోను మళ్లీ మళ్లీ చూసి మానుకున్నాను. ఈ రోజుకు 63 రోజులు గడిచాయి, ఇంకా 117 ఉన్నాయి. జులై ప్రయాణం వాయిదా వేశాను.

అమ్మ రెండో సీసాను అలమారలో పై అరకు మార్చింది. దగ్గు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు కరక్కాయ బుగ్గన పెట్టుకోమంటోంది. పెట్టుకోవచ్చా?

పదో నంబరు పానా:
పెట్టుకోండి. కానీ కారు ఎక్కే ముందు ఉమ్మేసి, నీళ్లతో రెండుసార్లు పుక్కిలించి, పదిహేను నిమిషాలు ఆగి ఊదండి. మంకీ క్యాప్ తీసి.